చావింటి గీతలు

వేలుచర్ల ఎమ్మెల్యే సుబ్బారాయుడికి ఒక అలవాటుండేది. నియోజకవర్గంలో ఎవరైనా పోయారని కబురొస్తే, కంచం ముందున్నా సరే, చెయ్యి కడిగేసుకుని లేచేవాడు. పోయినవాడు పెద్ద రైతా, తాటిచెట్లెక్కేవాడా, తనకి ఓటేసినవాడా, తనని బూతులు తిట్టినవాడా అన్నది చూసేవాడు కాదు. ఊరి మొదట్లోనే కారు దిగి, అనుచరుల్ని అక్కడే ఆపేసి, భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుని నడిచివెళ్ళేవాడు. కుర్చీ వేస్తే వద్దనేవాడు. అరుగుంటే అరుగు మీద, లేకపోతే నేలమీద చతికిలబడేవాడు. కొందరు నాయకులకి చావింట్లో కూడా నోరు ఊరుకోదు, శవం లేవకముందే నష్టపరిహారం ప్రకటించేస్తారు. ఈయన ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. కాసేపు కూర్చుని, ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేసేవాడు. చావింటి నుంచి వెళ్ళొస్తానని చెప్పి రాకూడదు కదా. ఆయన నాలుగుసార్లు గెలిచింది ఆ కూర్చోవడం వల్లనే అనేవాడు ఏసుపాదం. మొదటి ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్న నాటి నుంచి రాయుడి వెంటే ఉన్న మనిషి, ఊరి చివర పేటవాడు.

వేలుచర్ల ఒకే నియోజకవర్గమన్న మాటే గానీ అందులో మూడు లోకాలున్నాయి. పైన మెట్ట, పామాయిలు తోటలు. కింద పల్లం, చేపల చెరువులు. ఆ రెండింట్లోనూ ప్రతి ఊరికీ చివర ఒక పేట. మెట్టవాళ్ళు పల్లంవాళ్ళని నమ్మరు. పల్లంవాళ్ళకి మెట్టవాళ్ళంటే చిన్నచూపు. పేటలో ఎవరు పుట్టారో ఎవరు పోయారో ఈ ఇద్దరికీ అక్కర్లేదు. ఈ మూడింటి మధ్యా ఆపకుండా తిరిగినవాడు రాయుడొక్కడే.

ఆయన కూతురు కాత్యాయని తల్లి లేని పిల్ల. ఆమె చిన్నతనమంతా చావిళ్ళ వీధుల మొదట్లో, కారు వెనక సీట్లో గడిచింది. నాన్న వచ్చేదాకా ఏసుపాదం బాబాయి జీళ్ళు కొనిపెట్టి కబుర్లు చెప్పేవాడు. ఆ పిల్లే పెద్దదై, చదువుకుని, తండ్రి బతుకు మీదకి యంత్రాన్ని తోలుతుందని ఎవరు అనుకుంటారు?

అప్పటికి రాష్ట్రంలో గీతల గొడవ ముదిరిపోయింది. అధికారంలోకి వచ్చిన ప్రతి పార్టీ నియోజకవర్గాల సరిహద్దుల్ని తనకి అనువుగా జరుపుకోవడం, గిట్టనివాడికి పట్టున్న ఊళ్ళని చీల్చి తలో వైపు పారేయడం చూసి చూసి జనం విసిగిపోయారు. చివరికి మనిషి చెయ్యి తగలకుండా యంత్రమే గీతలు గీయాలని కొత్త చట్టం వచ్చింది. కష్టసుఖాల్లో ఒకరికొకరు అయ్యేవాళ్ళు ఒక నియోజకవర్గంలో ఉండాలి, అంతే. ఆ ఊళ్ళు పక్కపక్కనే ఉండాలన్న పాత నియమాన్ని కూడా ఎత్తేశారు. దానికో సరిహద్దుల సంఘం, ఆ సంఘానికో ప్రయోగశాల, దానికి అధిపతిగా కాత్యాయని. ఎమ్మెల్యే కూతురికి ఆ పని ఎలా ఇస్తారని పత్రికలు గోల చేశాయి. రాయుడి పార్టీ ప్రతిపక్షంలో ఉండటం వల్ల ఆ గోల తొందరగానే చల్లారింది.

యంత్రానికి కావలసిన సమాచారానికి లోటు లేదు. రాష్ట్రంలో అందరి మణికట్టుకీ గుర్తింపు పట్టీ ఉంది. రేషను, పింఛను, ఆస్పత్రి అన్నీ దానిమీదే. ఒక పూట తీసేస్తే మర్నాడు పింఛను ఆగిపోతుంది. మనిషి ఎక్కడున్నాడో, గుండె ఎలా కొట్టుకుంటోందో ఆ పట్టీ చెబుతూనే ఉంటుంది. చిక్కల్లా ఎవరు ఎవరికి అవుతారో తేల్చడం దగ్గరే వచ్చింది. పెళ్ళిళ్ళని కొలతగా పెట్టి చూశారు. బిర్యానీ పెడితే ఎవరైనా వస్తారు. తిరనాళ్ళు పెట్టి చూశారు. బస్సులు పెడితే ఎంతమందైనా వస్తారు. సంతలో కొనేవాడికీ అమ్మేవాడికీ ఏ సంబంధమూ ఉండక్కర్లేదు. సంఘం ఛైర్మన్, ఒక రిటైర్డ్ జడ్జి, విసుగొచ్చి, మనుషులు దేని దగ్గర అబద్ధమాడరో అది పట్టుకురా తల్లీ అన్నాడు. కాత్యాయనికి వెంటనే నాన్న గుర్తొచ్చాడు. చావిల్లు, అంది.

ఆ మాట పట్టుకుని ఏడాదిన్నర పనిచేశారు. చావింట్లో పక్కపక్కన కూర్చున్నవాళ్ళ గుండెలకి ఒక గుణం ఉందని బయటపడింది. నిజంగా బాధపడేవాళ్ళ గుండెలు కాసేపటికి ఒకే లయలోకి వస్తాయి. పోయినవాడి కొడుకు గుండె, ఎదురింటి ముసలమ్మ గుండె ఒకే తూగున నడుస్తాయి. మొక్కుబడిగా వచ్చినవాడి గుండె ఎంతసేపు కూర్చున్నా వాటితో కలవదు. ఇక యంత్రానికి పని సులువైపోయింది. పిలవకుండా జనం వచ్చి, కూర్చుని, గుండెలు కలిసిన ఇల్లు చావిల్లు. అక్కడికి వచ్చినవాళ్ళంతా ఒక జట్టు. ఎవరూ ఎవరి చావుకీ పోని చోట గీత పడుతుంది.

ప్రయోగం చూడటానికి వచ్చిన మంత్రి ఒకాయన పరీక్షకని వంద మంది కార్యకర్తల్ని ఒక చావింటికి పంపించాడు. వాళ్ళు బాగానే ఏడ్చారు. యంత్రం వాళ్ళలో ఒక్కణ్ణి కూడా లెక్కలోకి తీసుకోలేదు. మంత్రి మొహం మాడిపోయింది, ప్రయోగశాలలో అందరూ పండగ చేసుకున్నారు. ఆ సంబరంలో కాత్యాయని కింద పనిచేసే ఫర్హానా ఒక్కతే సందేహం వెలిబుచ్చింది.

"దొంగ ఏడుపుని పట్టుకుంటున్నాం, బానే ఉంది మేడమ్. వెళ్ళాలనున్నవాడు వెళ్ళకుండా ఉండిపోతే ఎలా పట్టుకుంటాం?"

కాత్యాయని నవ్వేసింది. మన దేశంలో చావుకి వెళ్ళొద్దంటే వినేవాడెవడు ఫర్హానా, అంది. పగలున్న ఇంటికి కూడా శవం లేచే వేళకి పోతారు, అది మన రక్తంలో ఉంది అని నచ్చజెప్పింది. అమెరికావాడో జపానువాడో అయితే ఆ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించేవాడేమో. ఆమె ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది కాబట్టి ఆలోచించలేదు.

ఇంకో నియమం ఆమే పట్టుబట్టి పెట్టించింది. పదవిలో ఉన్నవాళ్ళ పట్టీలూ, సంఘం ఉద్యోగుల పట్టీలూ లెక్కలోంచి తీసేయాలి. నాయకులు చావులకి పోవడం వాళ్ళ వృత్తి, దాన్ని బంధమంటే ఎలా? తను ఎమ్మెల్యే కూతురు కాబట్టి ఆ నియమం ఇంకా గట్టిగా ఉండాలనుకుంది. పైగా మొదటి గీతలు ఖాయమయ్యాక ఎవరూ, చివరికి తను కూడా, లెక్కలో వేలు పెట్టలేకుండా యంత్రానికి తాళం వేయించింది.

వేలుచర్ల వంతు వచ్చినప్పుడు ఆమె ఉండబట్టలేక రెండుసార్లు నడిపించింది. తండ్రి పట్టీని ఉంచి నడిపిస్తే నియోజకవర్గం సన్నటి దారంతో అయినా ఒక్కటిగా నిలబడింది. తీసేసి నడిపిస్తే తెర మీదే మూడు ముక్కలైపోయింది. మెట్ట ఒకటి, పల్లం ఒకటి, పేటలన్నీ పక్క తాలూకాల పేటలతో కలిసి ఇంకోటి. ఊరికీ పేటకీ మధ్య గీత వీధి మలుపుతో సహా ఎంత కచ్చితంగా పడిందంటే, ఎవరో కొలిచి గీసినట్టుంది. ఊళ్ళోవాళ్ళు ఇన్నేళ్ళలో పేట చావుకి పోనేలేదన్నమాట. తెలిసిన సంగతే. అయినా ఆమె తెర మీద ఆ గీత వెంట ఒక్కో ఊరి పేరూ చదువుతూ పోయింది.

ఆ మొదటి నడకలో ఇంకొకటి కూడా కనపడింది. రాయుడు కూర్చున్న ప్రతి చావింట్లోనూ ఆయన గుండె మిగతావాళ్ళ గుండెలతో కలిసింది. ఒక్క ఇంట్లో కూడా తప్పలేదు. ఫర్హానా అది చూసి, మీ నాన్నగారు చాలా గొప్పవారు మేడమ్ అంది. కాత్యాయని తెర ఆపేసి, అది లెక్కలోకి రాదు, ఎవరితోనూ అనకు అంది.

పటం బయటికి రాకముందే తండ్రికి తనే చెప్పాలని ఊరికి వెళ్ళింది. రాయుడు అప్పుడే ఎక్కడో చావు చూసొచ్చి స్నానం చేసి పడక్కుర్చీలో వాలాడు. అంతా విన్నాడు. కోప్పడలేదు.

"అంటే నేను ముప్ఫై ఏళ్ళు తిరిగింది ఎందులోకీ రాదన్నమాట."

"నువ్వు ఎమ్మెల్యేవి నాన్నా. నువ్వు ఓట్ల కోసం వెళ్ళావో, మనిషి కోసం వెళ్ళావో ఎలా తెలుస్తుంది?"

"నాకూ తెలీదమ్మడూ. ఎప్పుడు కూర్చున్నా రెండూ కలిసే ఉన్నాయి."

తెలుసు, నేను చూశాను, నీ గుండె అబద్ధమాడలేదు అని అప్పుడే చెప్పేస్తే ఏం పోయేది? కానీ అది సంఘం రహస్యం. బయటికి పొక్కితే కూతురు తండ్రి కోసం లెక్కలు తారుమారు చేసిందంటారు. నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, అన్నం తిని, తెల్లారే తిరిగి వెళ్ళిపోయింది.

పటం వచ్చింది. ఆ మర్నాటి నుంచే రాయుడి వాకిట్లో జనం పలచబడ్డారు. పొద్దున్నే అర్జీలు పట్టుకుని, పింఛన్లూ బదిలీలూ అంటూ నిండిపోయే వాకిలి అది. తన నియోజకవర్గమే లేని ఎమ్మెల్యే దగ్గరికి ఎవడొస్తాడు? పార్టీవాళ్ళు కబురు పెట్టి, రాయుడుగారు పెద్దవారైపోయారు, విశ్రాంతి తీసుకోవాలి అన్నారు. మెట్ట టికెట్టు ఆయన సొంత మేనల్లుడు భార్గవకి ఇచ్చారు. పల్లం సీటు చేపల చెరువుల ఆసామి ఒకడికి పోయింది. పేటల సీట్లో ఏసుపాదం కొడుకు సుధీర్ నిలబడ్డాడు. లాయరు చదివిన కుర్రాడు, మాటకారి. ఏసుపాదం రాయుడి దగ్గరికొచ్చి, ఏం చెయ్యమంటావన్నా అంటే, నీ కొడుకుని గెలిపించుకోవయ్యా, నన్నడుగుతావేంటి అని పంపించాడు. ముగ్గురూ గెలిచారు. ఇంతకాలం ఇంకొకరి పేరు మీద ఓట్లేసిన పేటలకి మొదటిసారి తమవాడంటూ ఒకడు దొరికాడు. పేటలో ఆ రాత్రంతా డప్పులు ఆగలేదు. అది అన్యాయమని కాత్యాయని ఎలా అనగలదు?

అన్యాయం మెల్లగా మొదలైంది. మెట్ట ఎమ్మెల్యేకి పల్లంవాళ్ళ ఓటు అక్కర్లేదు, అందుకని కాలవ నీళ్ళు పైనే బిగించేశాడు. పల్లం ఎమ్మెల్యేకి పేటల ఓటు అక్కర్లేదు, చెరువుల ఉప్పునీళ్ళు పేటల బోర్ల వైపు వదిలేశాడు. సుధీర్ అసెంబ్లీలో గొంతు పోయేలా అరిచాడు. మిగతా ఇద్దరిలో ఒక్కడికీ అది వినాల్సిన అవసరం లేదు. మునుపు ఇలాంటి తగాదా వస్తే రాయుడు మూడు వైపులవాళ్ళనీ కూర్చోబెట్టేవాడు. అందరూ తనకే ఓటేయాలి కాబట్టి ఎవరినీ పూర్తిగా ముంచేవాడు కాదు. ఇప్పుడు ముంచినా అడిగేవాడు లేడు. పేటలో పిల్లలకి ఒంటిమీద దద్దుర్లొచ్చాయి, పల్లంలో వరి ఎండిపోయింది. మాజీ ఎమ్మెల్యే ఎవరికి ఫోన్ చేసినా, మీటింగులో ఉన్నారండీ అనే జవాబే.

చట్టం ప్రకారం ఐదేళ్ళకోసారి మళ్ళీ లెక్క. ఒక ఏడాది పొడుగునా చావిళ్ళు లెక్కపెట్టి, మార్చి నెలాఖరుకి మూసేస్తారు. ఆ ఏడాది మొదలవగానే, ఫర్హానా అడిగింది అక్షరాలా జరిగింది. గీత చెరిగితే సీటు పోతుందని ముగ్గురు ఎమ్మెల్యేలకీ తెలుసు. దొంగ ఏడుపులు పనిచేయవని కూడా తెలుసు. మిగిలింది ఒకటే దారి. అవతలివాళ్ళ చావుకి పోవద్దు, మన చావుకి వాళ్ళని రానివ్వొద్దు. ఊరూరా కుర్రాళ్ళని పెట్టారు. వెళ్తే ఇల్లు రాదన్నారు, పింఛను రాదన్నారు. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే చాలు, లెక్కయిపోయాక ఎవరి చావుకైనా పోదురుగాని అని మంచిమాటలు కూడా చెప్పారు. జనం విన్నారు. కాత్యాయని తెరమీద గీతలు నెలనెలకీ ముదురుతుంటే చూస్తూ కూర్చుంది. తను వేయించిన తాళం తనకే తెరుచుకోదు.

ఆ ఏడాదే ఏసుపాదం పోయాడు. గుండెపోటు, పొలం గట్టు మీదే. రాయుడికి అప్పటికే రెండు కిడ్నీలూ పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ నడుస్తోంది. ఆ రోజు ఆస్పత్రికి వెళ్ళాల్సినవాడు కారుని పేట వైపు తిప్పమన్నాడు. కాత్యాయని పక్కనే ఉంది. పేట మొదట్లో కల్వర్టు దగ్గర కారు దిగి, కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, అవతలి నుంచి ఏసుపాదం భార్య సలోమి ఎదురొచ్చింది. శవం దగ్గర ఏడవాల్సిన మనిషి, ఏడుపు ఆపుకుని వీధి మొదటిదాకా వచ్చింది.

"ఇక్కడిదాకా వచ్చారు, అదే చాలు బావగారూ. లోపలికి రాకండి."

రాయుడికి అర్థం కాలేదు. "ఒక్కసారి చూసి పోతానమ్మా. వాడు నా ఏసుపాదం."

"మీరిప్పుడు ఎమ్మెల్యే కాదు కదా. మీరొస్తే లెక్కలో పడతారంట, మావోడు చెప్పాడు." సలోమి రెండు చేతులూ జోడించింది. "దొంగ ఏడుపైతే రమ్మనేదాన్నే. మీది నిజం ఏడుపు బావగారూ. అదే ఇప్పుడు మాకు చేటు. ముప్ఫై ఏళ్ళు ఆయన మీ జెండా మోశాడు. ఇన్నాళ్ళకి మాకొక సీటొచ్చింది. చెరిపెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

రాయుడు తలూపాడు. వెనక్కి వచ్చి కల్వర్టు గట్టుమీద కూర్చున్నాడు. సలోమి కాత్యాయని చెయ్యి పట్టుకుని, నువ్వు రా అమ్మా, నువ్వు సంఘం మనిషివి, నీ ఏడుపు లెక్కలోకి రాదుగా అని లోపలికి తీసుకెళ్ళింది. బాబాయి మొహం చూసి కాత్యాయని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుని ఏ యంత్రమూ రాసుకోలేదు. సమాధుల దొడ్డికి వెళ్ళే పాత దారి కల్వర్టు మీదుగానే పోతుంది. గీత దాటాల్సొస్తుందని శవపేటికని పేట వెనక కొత్తగా కొన్న స్థలానికి తీసుకెళ్ళారు. రాయుడు గట్టుమీద కూర్చుని పాటలు మాత్రం విన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాడు. గీతలు చెరిగిపోవాలంటే ఏం జరగాలమ్మడూ అని. కాత్యాయని అలసిపోయి ఉంది. ప్రయోగశాలలో ఎవరైనా అడిగితే చెప్పినట్టే చెప్పేసింది. ఒకే చావింటికి మూడు వైపులవాళ్ళూ వేలల్లో వచ్చి, కూర్చుని, గుండెలు కలిస్తే, యంత్రం మూడింటినీ ఒకటిగానే చూస్తుంది నాన్నా, అంత పెద్ద చావిల్లు ఇంతవరకూ రాలేదు అంది. రాయుడు కిటికీలోంచి ఎండిన పొలాలు చూస్తూ కూర్చున్నాడు.

మార్చి మధ్యలో ఆస్పత్రి నుంచి కాత్యాయనికి ఫోనొచ్చింది. మీ నాన్నగారు డయాలసిస్‌కి రావడం లేదు, మీకు తెలుసా అని. ఆమె పరుగెత్తుకుని వచ్చేసరికి రాయుడు మంచం మీద ఉన్నాడు. ఒళ్ళంతా నీరు పట్టేసింది, ఊపిరి బరువుగా తీస్తున్నాడు. మొహం మాత్రం ఎన్నికల ముందురోజు ఉన్నట్టే ఉంది. ఆమె తిట్టింది, ఏడ్చింది, అంబులెన్సు పిలిచింది. ఆయన దాన్ని వాకిట్లోంచే తిప్పి పంపేశాడు.

"లెక్క మూసేలోపల పోవాలి. ఏప్రిల్లో పోతే నా చావు ఎవడికి పనికొస్తుంది?"

"నాన్నా, అది యంత్రం. దానికోసం ప్రాణం తీసుకుంటారా ఎవరైనా?"

"యంత్రం కోసమని ఎవరన్నారు? కాలవ కోసం. పేట బోర్ల కోసం." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మెట్టలో నేను కూర్చోని ఇల్లు లేదు. పల్లంలో లేదు. పేటలో లేదు. నేను పోయానంటే ఎవడు ఆపినా ఆగరు. నువ్వు కబురు పంపు, చాలు."

ఆ నమ్మకం చూసి ఆమెకి భయమేసింది. అప్పుడు కూడా, ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ తిరిగిన మనిషికి తెలియదా, నాకు తెలుసా అనుకుంది. నిజం చెప్పాలంటే, ఆమెకీ ఆశ పుట్టింది. ఆ ఆశ పుట్టినందుకు తర్వాత తనని తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

తర్వాత ఆయనకి మగత కమ్మింది. ఆ మగతలో ఎవరెవరి పేర్లో పిలిచేవాడు, అందరూ పోయినవాళ్ళే. కాత్యాయని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. నాన్నా, నీ గుండె ప్రతి ఇంట్లోనూ కలిసింది, నేను కళ్ళారా చూశాను, నువ్వు ఓట్ల కోసం వెళ్ళలేదు అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆయన కళ్ళు తెరవలేదు. ఆ మాట ఆయనకి చేరిందో లేదో ఆమెకి ఎప్పటికీ తెలియదు. మర్నాటి మధ్యాహ్నం పోయాడు. లెక్క మూయడానికి ఇంకా వారం పైనే ఉంది.

కబురు పంపింది. మైకు పెట్టిన ఆటో మెట్ట, పల్లం, పేటలు అన్నీ తిరిగొచ్చింది. వాకిట్లో షామియానా వేయించింది, నేలమీద జంపఖానాలు పరిపించింది, కుండల్లో మంచినీళ్ళు పెట్టించింది. శవాన్ని అరుగు మీద పడుకోబెట్టి ఎదురుచూస్తూ కూర్చుంది.

సాయంత్రమైంది, ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దెక్కింది, జంపఖానాలు ఖాళీగానే ఉన్నాయి. ఇరుగుపొరుగు తలుపులు వేసుకుని ఉన్నారు. కిటికీల వెనక ఎవరో ముక్కు చీదుకోవడం వినిపిస్తోంది. ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. రాయుడుగారు దేవుడమ్మా అని ఏడ్చినవాళ్ళున్నారు. మా నాన్న పోయినప్పుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడమ్మా అని తలుచుకున్నవాళ్ళున్నారు. అందరిదీ చివరికి ఒకటే మాట. పెద్దకర్మకి తప్పకుండా వస్తామమ్మా, అప్పటికి లెక్క అయిపోతుంది కదా. మూడు వైపులా నాయకులు ఒకేమాట చెప్పారట. ఆ ఒక్క చావింటికీ జనం వెళ్ళారంటే మూడు సీట్లూ పోతాయి, ఎవరూ కదలొద్దు అని. అన్ని విషయాల్లో కొట్టుకుచచ్చే ముగ్గురూ ఆ ఒక్కదానిలో కలిశారు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి మూడు కార్లొచ్చాయి. భార్గవ, చేపల చెరువుల ఆసామి, సుధీర్. పదవిలో ఉన్నవాళ్ళు, వాళ్ళ రాక లెక్కలో పడదు. వెంట ఒక్క మనిషిని కూడా తెచ్చుకోలేదు. ముగ్గురూ దండలు వేశారు. భార్గవ మావయ్యా అంటూ కాళ్ళమీద పడి నిజంగానే ఏడ్చాడు. సుధీర్ ఆమె దగ్గరికొచ్చి తలొంచుకుని నిలబడ్డాడు.

"అమ్మ గుమ్మం పట్టుకుని ఏడుస్తోందక్కా, వస్తానని. నేనే తాళం వేసి వచ్చాను."

శవం వాసనేస్తోంది, ఇంక ఆగడానికి లేదు. పాడె మోయడానికి నలుగురు కావాలి. ముందు భార్గవ, చెరువుల ఆసామి భుజాలిచ్చారు. వెనక ఒకవైపు సుధీర్. నాలుగో కొమ్ము పట్టుకునే మనిషి లేకపోతే కాత్యాయనే చీర కొంగు బిగించి భుజం పెట్టింది. కాటికి పోయే దారంతా ఖాళీగా ఉంది. ఆ నలుగురిలో యంత్రం లెక్కపెట్టే మనిషి ఒక్కరూ లేరు.

వారం తర్వాత లెక్క మూశారు. కాత్యాయని ప్రయోగశాలకి వెళ్ళి తండ్రి ఇంటి వివరం తీసి చూసింది. ఒక పట్టీ ఆగిపోయినట్టు నమోదైంది. చావిల్లు ఉన్నట్టు మాత్రం ఆనవాలు లేదు. ఫర్హానా వెనకే నిలబడి చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, బయటికి వెళ్ళిపోయింది. పాత గీతలనే మరింత మందంగా గీసి సంఘం ఖాయం చేసింది.

పెద్దకర్మ రోజున జనం వచ్చారు. తెల్లవారకముందే మొదలై వచ్చారు, ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, నడిచి. వీధులు పట్టలేదు. మెట్టవాళ్ళు, పల్లంవాళ్ళు, పేటలవాళ్ళు ఒకే పందిట్లో ఇరుక్కుని కూర్చున్నారు. రాయుడి ఫొటో ముందు ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. ముసలివాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు పడి ఏడ్చారు. అంతమంది గుండెలు కలిసి కొట్టుకుంటుంటే చూడాలని ఆయన ప్రాణం వదిలేశాడు. కాత్యాయని ఆ జనం మధ్య కోపమో దుఃఖమో తనకే తెలియకుండా మంచినీళ్ళు అందిస్తూ తిరిగింది.

సలోమి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమెని కావలించుకుంది. చాలాసేపు ఏడ్చింది. మా ఇంటి దీపం ఒకటి ముందు పోయింది, ఇది రెండోది అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు మేం ఇట్టా వచ్చింది ఎక్కడా పడదుగా అమ్మా?"

"పడదు పిన్నీ."

"అమ్మయ్య" అంది సలోమి, గుండెల మీద చెయ్యి వేసుకుని. తర్వాత వెళ్ళి పంక్తిలో కూర్చుంది.